పోయినోళ్లు కబురడగని పరలోకం

మీ అమ్మాయి తప్పేం లేదు. పుస్తకమే తేలిపోయింది. మిగతాదంతా తర్వాత, ముందు ఈ మాట చెబితే మీకు కాస్త నిమ్మళంగా ఉంటుందని మొదట్లోనే రాస్తున్నాను.

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి, తర్వాత చదివేవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మీది కరీంనగర్. అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. సంక్రాంతికి ముందు నాయనమ్మ పోయింది. చిన్నప్పటి నుంచి పిల్ల పడుకున్నది ఆమె పక్కనే. అప్పటి నుంచి ముభావంగా ఉంటోందని, ఎవరో చెబితే మీరు ఒక ఇంగ్లిష్ నవల తెప్పించారు. టీనేజీ పిల్లల కోసం రాసే యంగ్ అడల్ట్ రకం, నాలుగు వందల పేజీలు. యాక్సిడెంట్‌లో పోయిన పదహారేళ్ల పిల్ల పరలోకానికి వెళ్లే కథ. మీ అమ్మాయి సగం చదివి పక్కన పడేసి, "నానా, సచ్చిపోయినంక గింత బోరు గొడతదా?" అని అడిగింది. లోపం పుస్తకంలోనా, పిల్ల మనసు ఇంకా కుదుటపడకనా, బదులుగా ఏమివ్వాలి, రెండో భాగం కొనాలా, అని మీరు అడిగారు.

నేను హనుమకొండలో చాలా ఏళ్లు ఇంగ్లిష్ చెప్పి రిటైరైన దాన్ని. ఆదివారాలు మా ఇంటి మేడ మీద పిల్లలను కూర్చోబెట్టి పుస్తకాలు చదివించడం ఇరవై ఏళ్ల కింద మొదలైంది, ఇంకా నడుస్తోంది. మీరు చెప్పిన నవలను రెండేళ్ల కింద మా దగ్గర ఒక పిల్ల పట్టుకొచ్చింది. పదకొండు మందిమి మొదలుపెట్టాం, ముగ్గురం ముగించాం. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని, అదీ పంతం కొద్దీ.

పేరు రాయను. రాసినామె మీద నాకు కోపం లేదు. మొదటి ముప్పై పేజీలు నిజంగా బాగున్నాయి. రోడ్డు పక్కన తన చెప్పు ఒకటే కనబడుతుంది. రెండోది ఎటు పడిందా అని ఆ పిల్ల వెతుక్కుంటూ ఉంటుంది. తాను పోయిన సంగతి అప్పటికి ఆమెకింకా తెలియదు. జనం మూగిన చోటికి వెళ్లి, "మా అమ్మ తిడుతుంది, కొత్త చెప్పులు" అని ఎవరికో చెప్పబోతుంది. అది చదివిన ఆదివారం మా మేడ మీద ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత ఆ చెప్పు పుస్తకం మొత్తంలో ఇంకెక్కడా రాదు. అమ్మ కూడా దాదాపు అంతే.

ముప్పై ఒకటో పేజీ నుంచి తెల్లటి హాలు, టోకెన్ నంబరు, ఒక గైడు. ఆ గైడు ఎనభై పేజీల పాటు చెప్తూనే ఉంటాడు. ఏడు అంతస్తులట, ఏ అంతస్తులో ఎవరుంటారో, ఏ రంగు బట్టలకు ఏ అర్థమో, ఏ గేటు ఎప్పుడు తెరుచుకుంటుందో. కొత్తగా హాస్టల్లో చేరినరోజు వార్డెన్ రూల్స్ చదివి వినిపించినట్టే ఉంటుంది. ఆ పైన నీలికళ్ల కుర్రాడొకడు, వాడికో రహస్యం. మా వాళ్లలో లెక్కలంటే ఇష్టమున్న పిల్లవాడు పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ లెక్కేశాడు. నూటయాభై పేజీల్లో వాడి కళ్ల రంగు పద్నాలుగు సార్లు వచ్చింది, అమ్మ రెండు సార్లు. ఆఖర్న కత్తుల యుద్ధం. అక్కడికొచ్చేసరికి ఇంకో పిల్లవాడు, "మేడం, ఆల్రెడీ సచ్చినోళ్లను మళ్లెట్ల సంపుతరు?" అన్నాడు. ఆ నవల మీద నేను చదివిన విమర్శలన్నిటికన్నా అదే పెద్ద విమర్శ.

పరలోకంలో నడిచే ఏ కథకైనా ఈ చిక్కు తప్పదు. కథ అనేది పోగొట్టుకుంటామేమోనన్న భయం మీద నడుస్తుంది. పోయినవాళ్లు అన్నిటికన్నా పెద్దదాన్ని పోగొట్టుకునే అక్కడికి వచ్చారు. ఇక భయపడటానికి ఏం మిగిలింది? ఈ ప్రశ్నకు జవాబు దొరకని రచయిత అంతస్తులు కడతాడు, రూల్స్ పెడతాడు, ప్రేమ కథ తెచ్చి అతికిస్తాడు. జవాబు దొరికినవాళ్లకు అవేవీ అక్కర్లేదు. ఇన్నేళ్లలో నాకు అర్థమైన జవాబు చాలా చిన్నది: పోయినవాళ్లు ఇక్కడి కబురు అడగాలి. అడిగితే కథ బతుకుతుంది. అడగకపోతే టూరిస్టు బస్సెక్కినట్టే, ఎడమవైపు చూడండి స్వర్గం, కుడివైపు చూడండి నరకం.

గ్రీకు కవి హోమర్ రాసిన ఒడిస్సీ పదకొండో భాగంలో కథానాయకుడు ఒడిస్యూస్ చచ్చినవాళ్ల దగ్గరికి వెళ్తాడు. అక్కడ అకిలీస్ కనబడతాడు. బతికున్నప్పుడు అంతటి వీరుడు మరొకడు లేడు. ఇక్కడ కూడా నువ్వే రాజువి కదా అని ఒడిస్యూస్ ఓదార్చబోతే, చచ్చినోళ్లందరి మీద రాజుగా ఉండేకన్నా భూమి లేని పేదోడి దగ్గర జీతగాడిగా ఉన్నా బతికుండటమే నయం అంటాడు. ఆ మాట చాలామందికి తెలుసు. ఆ వెంటనే ఆయన అడిగేది ఎక్కువమంది గుర్తుపెట్టుకోరు: "నా కొడుకు ఎట్లున్నాడు? మా నాయనను ఎవరన్నా చూసుకుంటున్నారా?" కొడుకు బాగా యుద్ధం చేశాడని విని, సంతోషంగా పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్లిపోతాడు. అక్కడి పువ్వుల మైదానం గురించి హోమర్ చెప్పింది ఒక్క మాటే. అకిలీస్ నడక మాత్రం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది.

ఇంకోటి ఇటలీ కవి దాంతే రాసిన నరకంలో, పదో సర్గలో. ఆ నరకంలో తిరిగేది కూడా దాంతేనే. మండుతున్న సమాధిలోంచి ఒక తండ్రి లేచి, మా అబ్బాయి నీతో రాలేదేం అని అడుగుతాడు. దాంతే జవాబిస్తూ ఆ కొడుకు గురించి మాటల్లో ఒకచోట భూతకాలం వాడతాడు. "ఏమన్నావు? ఉండేవాడన్నావా? వాడు ఇప్పుడు లేడా?" అంటాడు తండ్రి. దాంతే ఒక్క క్షణం తటపటాయించేసరికి వెనక్కి పడిపోయి మళ్లీ లేవడు. కొడుకు నిజానికి బతికే ఉన్నాడు. ఆ నరకంలో ఉన్నవాళ్లకు దూరంగా జరగబోయేవి కనబడతాయి గానీ, ఇప్పుడేం జరుగుతోందో తెలియదు. ఆ లోకానికి దాంతే పెట్టిన రూల్ అది. ఒక్క రూల్, దానికింద నలిగిపోయిన ఒక్క తండ్రి. ఏడు అంతస్తుల రూల్‌బుక్కు ఈ ఒక్క క్రియాపదం ముందు ఎందుకు పనికొస్తుంది? ఇంగ్లిష్ వ్యాకరణం చెప్పే రోజుల్లో టెన్సులు ఎందుకు నేర్చుకోవాలని అడిగిన పిల్లలకు ఈ కథే చెప్పేదాన్ని.

ఇవన్నీ పైదేశాల సంగతులు అనుకుంటారేమో. మన దగ్గర కూడా ఎప్పటినుంచో ఉంది. కఠోపనిషత్తులో నచికేతుడు కుర్రవాడు. తండ్రి యజ్ఞంలో ముసలి ఆవులను దానమిస్తుంటే చూసి, మరి నన్నెవరికిస్తావని పదే పదే అడుగుతాడు. తండ్రి కోపంతో "నిన్ను యముడికిస్తాను పో" అంటాడు. మన ఇళ్లల్లో టీనేజీ పిల్లలకూ నాన్నలకూ మధ్య ఇట్లాంటివి రోజూ నడిచేవే. పిల్లవాడు నిజంగానే వెళ్తాడు. యముడు ఇంట్లో లేడు. మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో కూర్చుంటాడు. యముడు వచ్చి, ఆకలితో కూర్చోబెట్టినందుకు మూడు వరాలిస్తానంటాడు. మరణం తర్వాత ఏముందన్న పెద్ద ప్రశ్న మూడోది. ఎక్కువగా చర్చంతా దాని మీదే. నేను పిల్లలకు చూపించేది మొదటిది: మా నాయనకు నా మీద కోపం పోవాలి, నేను తిరిగెళ్తే గుర్తుపట్టి పలకరించాలి. యముడి ఎదురుగా కూర్చుని ఆ పిల్లవాడు ముందుగా అడిగింది ఇంటి సంగతి. ఆ వరం లేకపోతే నచికేతుడు నాకు తత్వశాస్త్రం విద్యార్థిలాగే కనబడేవాడు.

అజామిళుడిది కూడా ఇదే వరస. మా బమ్మెర పోతన భాగవతం అంటాం గానీ ఆ కథ ఉన్న ఆరో స్కంధం ఏర్చూరి సింగన రాసింది. ఇది చెప్తే మా వైపు వాళ్లు కొందరికి కోపం వస్తుంది, అయినా నిజం నిజమే. చావు దగ్గరపడ్డప్పుడు అజామిళుడు నారాయణా అని పిలిచింది దేవుణ్ని కాదు, ముద్దుల చిన్నకొడుకుని. అతణ్ని తీసుకుపోవడానికి వచ్చిన యమభటులకూ విష్ణుభటులకూ మధ్య వాదన అంతా ఆ పిలుపు మీదే. భారతం చివర్లో, తిక్కన చేతి స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి పోయి వైభవం చూస్తూ కూర్చున్నాడా? దుర్యోధనుడు కనబడగానే, మా తమ్ముళ్లేరి అన్నాడు.

సినిమాలను చిన్నచూపు చూడకండి. యమగోల 1977లో వచ్చింది, యముడికి మొగుడు 1988లో. రెండింట్లోనూ యముడు కైకాల సత్యనారాయణే. రెండోదాంట్లో హీరోను పొరపాటున తీసుకుపోతారు. వెనక్కి పంపుదామంటే ఒంటిని అప్పటికే తగలబెట్టేశారు. ఆ ఒక్క ఇబ్బందితో సినిమా మొత్తం పరిగెత్తుతుంది. యమలోకం సెట్టింగు చూస్తే నవ్వొస్తుంది, తప్పుల చిట్టా పట్టుకున్న చిత్రగుప్తుణ్ని చూస్తే ఇంకా నవ్వొస్తుంది. కానీ హీరోకు భూమ్మీద పని మిగిలే ఉంది, మనం అందుకే కూర్చుంటాం. మీ అమ్మాయి చదివిన నవలలో పిల్లకు భూమ్మీద ఏ పనీ మిగల్లేదు. అందుకే బోరు కొట్టింది.

రూల్స్ ఉండొద్దని నేననటం లేదు. మీకు దగ్గరే కదా, కాళేశ్వరం వెళ్లే ఉంటారు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ముక్తేశ్వరుడు వచ్చినవాళ్లందరికీ ముక్తి ఇచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందట. శివుడితో మొరపెట్టుకుంటే, సరే నువ్వు కూడా నా పక్కనే ఉండు, ముందు నిన్ను మొక్కి తర్వాత నన్ను మొక్కినవాళ్లకే ముక్తి, నిన్ను దాటేసి వచ్చినవాడు నీ వాడే అన్నాడట. స్థలపురాణం అంతే, నాలుగు ముక్కలు. అయినా పల్లెటూళ్ల నుంచి వచ్చిన ముసలమ్మలు ఏ లింగానికి ముందు మొక్కాలో పక్కవాళ్లను అడిగి మరీ మొక్కుతారు. ఒక్క రూల్, అది తప్పితే ఏమవుతుందో తెలుసు. జగిత్యాల దిక్కు ధర్మపురిలో కూడా యముడికి గుడి ఉంది. ధర్మపురి పోయినోళ్లకు యమపురి ఉండదని మనవాళ్లు చెప్పుకునేదీ అంతే పొట్టిగా ఉంటుంది. మీ పుస్తకంలో గైడు ఎనభై పేజీలు చెప్పాడు, నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేదు.

ఇక పిల్ల మనసు సంగతి. మా సర్కిల్లో పద్నాలుగేళ్ల పిల్లవాడొకడు ఉండేవాడు. తండ్రి పోయిన నెలకు మళ్లీ ఆదివారం రావడం మొదలుపెట్టాడు. అందరూ వెళ్లాక చెప్పులేసుకుంటూ, "మేడం, అక్కడ ఫోన్లుంటయా?" అని అడిగాడు. అక్కడెట్లుంటది, ఏ రంగుంటది అని అడగలేదు. నాకు జవాబు రాలేదు. ఏం చెప్పాలనుకున్నవు బాపుకు అని అడిగాను. "మ్యాథ్స్‌ల పాసైన అని." అంతకుముందు రెండుసార్లు ఫెయిలయ్యాడట, తండ్రి చాలా తిట్టాడట.

తర్వాత వారం పిల్లలందరితో ఒక పేజీ రాయించాను. మీ ఇంట్లో పోయినవాళ్లు ఒక్క అయిదు నిమిషాలకు తిరిగొస్తే మొదట ఏమడుగుతారు? జవాబులు చదువుతుంటే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. పరకాల దగ్గరి ఊరి పిల్ల ఒకతె, వాళ్ల అమ్మమ్మ "బర్రె ఈనిందా? ఆడదూడా, మగదూడా?" అని అడుగుతుందని రాసింది. ఇంకొకడు, తాత వచ్చి తన కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారని అడుగుతాడన్నాడు. ఒక్కరు కూడా స్వర్గం గురించి రాయలేదు. మీ అమ్మాయి బోరు కొట్టిందని పుస్తకం మూసేసిందంటే, ఆమె వెతికిన మనిషి అందులో దొరకలేదని నేననుకుంటున్నాను. నీలికళ్ల కుర్రాడితో ఆమెకేం పని?

మా బాపు పోయినప్పుడు దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. మా అన్న వంగి చెవి దగ్గర మూడుసార్లు పిలిచాడు, "బాపూ, బాపూ, బాపూ". అక్కడున్నోళ్లందరికీ లేవడని తెలుసు. అయినా ఆ మూడో పిలుపు అయ్యేదాకా ఎవరూ ఊపిరి పీల్చలేదు. ఒడిస్సీలో ఒడిస్యూస్ చచ్చిపోయిన తల్లిని కౌగిలించుకోబోతే మూడుసార్లూ నీడలా జారిపోతుందని చదివినప్పుడల్లా నాకు అన్న వంగిన వీపే గుర్తొస్తుంది. 2023లో వచ్చిన బలగం సినిమాలో పిట్ట ముద్ద ముట్టకపోతే ఇంటిల్లిపాదీ కొట్టుకుని చస్తారు కదా, ఆ సినిమా పరలోకాన్ని ఒక్క ఫ్రేములోనూ చూపించలేదు. అయినా పోయినాయన సినిమా మొత్తంలో ఉంటాడు.

ఏమివ్వాలన్నదానికి వస్తాను. తెలుగులో ఈ వయసు పిల్లలకని విడిగా అల్మారా అంటూ పెద్దగా లేదు. 1904లో పెట్టిన మా హనుమకొండ రాజరాజ నరేంద్ర భాషా నిలయంలో నేను చందమామ నుంచి నేరుగా పెద్దవాళ్ల నవలల్లోకి దూకాను, మధ్యలో మెట్టు లేదు. కానీ ఆ చందమామలోనే భుజాన శవం, శవంలో బేతాళుడు, ప్రతి నెలా ఒక ప్రశ్న. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుంది. పోయినోళ్లు బతికినోళ్లను ప్రశ్నలడగడం మనకు అంత చిన్నప్పుడే అలవాటైంది. పాత బేతాళ కథలు దొరికితే ఇవ్వండి, ఇంటర్ పిల్లకు చిన్నతనమేం కాదు. నచికేతుడి కథ సరళమైన తెలుగులో ఏది దొరికినా సరే, మూడో వరం కష్టమైతే రెండింటి దగ్గరే ఆపమనండి.

ఇంగ్లిష్‌లోనే కావాలంటే గాబ్రియెల్ జెవిన్ రాసిన ఎల్స్‌వేర్ చూడండి, 2005లో వచ్చింది. అది కూడా పరలోకం నవలే, దాంట్లో కూడా యాక్సిడెంట్‌లో పోయిన పదిహేనేళ్ల పిల్లే. కానీ అక్కడ అందరి వయసూ ఏటేటా తగ్గుతూ పోతుంది, పసిపిల్లలయ్యాక మళ్లీ భూమ్మీదికి. అంటే అక్కడ కూడా గడియారం తిరుగుతుంది, పోగొట్టుకునేది ఉంటుంది. భూమ్మీద ఉన్నవాళ్లను చూసుకోవడానికి బైనాక్యులర్లుంటాయి, ఆ పిల్ల మొదట్లో వాటిని వదలదు. పైగా తాను పుట్టకముందే పోయిన అమ్మమ్మ ఆమెను ఇంటికి తీసుకెళ్తుంది. మీ అమ్మాయికి అందుకే చెప్తున్నాను. చివరి భాగం కొంచెం తీపెక్కువైంది, అయినా ఫరవాలేదు. ఆలిస్ సీబోల్డ్ లవ్లీ బోన్స్ కూడా మీకెవరో చెప్పే ఉంటారు. అది బలమైన పుస్తకమే, కానీ పద్నాలుగేళ్ల పిల్ల మీద అత్యాచారం, హత్య, అన్నీ మొదట్లోనే ఉంటాయి. ముందు మీరు చదివి తర్వాత ఆలోచించండి, ఈ ఏడాదికైతే వద్దు.

ఇంకో మాట, ఇది పుస్తకం సంగతి కాదు. మన దగ్గర పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు పొద్దున పెద్దల పేర్లు చెప్పి బియ్యమిస్తాం, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తాం. పోయినోళ్ల రోజూ పూల రోజూ మనకు ఒక్కటే. చాలా ఇళ్లల్లో బియ్యమిచ్చుడు మగవాళ్ల పనే అనుకుని పిల్లలను పక్కనుంచుతారు. ఈసారి నాయనమ్మ పేరు మీ అమ్మాయితో చెప్పించండి. ఇంటి పంతులు ఏమైనా అంటే నా పేరు చెప్పండి, ఆయనతో నేను మాట్లాడతాను. పేరు చెప్పాక ఆమెకు ఏం కబురు చెప్పాలనుందో మీరు అడగకండి, తనే చెప్తే వినండి.

రెండో భాగం గురించి అడిగారు. అదీ చదివాను. నలభయ్యో పేజీ దగ్గర ఆ పిల్ల జేబులోంచి అమ్మ ఫోటో ఒకసారి బయటికొస్తుంది. నేను లేచి కూర్చున్నాను. తర్వాతి పేరాలో నీలికళ్ల వాడొచ్చాడు, ఫోటో మళ్లీ జేబులోకి పోయింది, ఇక రాలేదు. కొనకండి.